పిల్లలలో స్థానిక స్క్లీరోడెర్మా: పరీక్ష, చికిత్స

స్థానిక స్క్లీరోడెర్మా పిల్లలలో అరుదుగా వచ్చే స్వయం నిరోధక వ్యాధి. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ చర్మం మీదికీ, దాని అడుగునున్న కొవ్వు, కండరం, ఎముకల మీదికీ మళ్ళి మొదట వాపును కలిగిస్తుంది. ఆ తరువాత కొల్లాజెన్ అనే పీచులాంటి మాంసకృత్తి అతిగా పేరుకొని ఆ భాగం గట్టిపడుతుంది. చివరకు అక్కడి చర్మం పలచబడి, అడుగు కొవ్వు హరించి, ఆ చోటు కుంగిపోతుంది. మార్ఫియా అనే పేరు కూడా దీనికి వాడుకలో ఉంది. ఊపిరితిత్తులనూ గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీసే సర్వాంగ స్క్లీరోసిస్ వేరు, ఇది వేరు. చలికి వేళ్ళు తెల్లబడి నీలమెక్కే రేనో లక్షణం గాని, వేలికొసల పుండ్లు గాని దీనిలో సాధారణంగా కనిపించవు. ఇది ముదిరి సర్వాంగ వ్యాధిగా మారడం అత్యంత అరుదు. తల్లిదండ్రులకు మొట్టమొదట చెప్పవలసిన ధైర్యవచనం ఇదే. అయితే దీన్ని చర్మం వరకే పరిమితమైన జబ్బుగా చూడడమూ సరికాదు. ఇటలీలోని పాడువాకు చెందిన వైద్యుడు ఫ్రాన్సెస్కో జూలియన్ బృందం పలు దేశాల కేంద్రాల నుంచి 750 మంది పిల్లల వివరాలు సేకరించి 2005లో ప్రకటించిన అధ్యయనంలో, సుమారు 22 శాతం మందికి కీళ్ళు, నరాలు, కళ్ళు వంటి చర్మేతర అవయవాలలో కూడా లక్షణాలు ఉన్నట్టు తేలింది.

బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగిన గణన ప్రకారం ఏటా పది లక్షల మంది పిల్లలలో ముగ్గురు నలుగురికి ఈ వ్యాధి కొత్తగా బయటపడుతుంది. ఆడపిల్లలలో మగపిల్లల కంటే రెట్టింపుకు పైగా కనిపిస్తుంది. మొదలయ్యే వయసు సగటున ఏడేళ్ళు. కారణం పూర్తిగా తెలియకపోయినా, పుట్టుకతో ఉన్న జన్యు ధోరణికి ఏదో ఒక బయటి ప్రేరణ తోడైనప్పుడు సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, టి-కణాలు అక్కడికి చేరి, అవి విడుదల చేసే రసాయన సంకేతాల వల్ల పీచు కణాలు కొల్లాజెన్‌ను ఆగకుండా తయారుచేస్తాయని నేటి అవగాహన. పై 750 మందిలో దాదాపు 13 శాతం కుటుంబాలు దెబ్బ, పురుగు కాటు, ఇన్ఫెక్షన్ వంటి ఏదో ఒక సంఘటన తరువాత మచ్చ మొదలైందని చెప్పాయి. ఇది అంటువ్యాధి కాదు. తిండి వల్ల గాని, తల్లి గర్భంతో ఉన్నప్పుడు చేసిన పని వల్ల గాని వచ్చేది కాదు.

ఏ మచ్చగా పొరబడతారు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి మత్స్యకార గ్రామంలో ఒక పిల్ల కాలిమీద తెల్లని లేదా గోధుమరంగు మచ్చ కనబడితే ఎవరికైనా మొదట తట్టేవి బొల్లి, తామర, కుష్ఠు. ఈ వ్యాధి పేరు చివరికి గాని తట్టదు. అందులో ఆశ్చర్యమూ లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఒకప్పుడు కుష్ఠు అధికంగా ఉన్న ప్రాంతాలు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఆ చరిత్రకు గుర్తుగా నేటికీ ఉంది. దేశం మొత్తం మీద కుష్ఠును ప్రజారోగ్య సమస్య స్థాయికి దిగువకు తెచ్చినట్టు 2005 చివర ప్రకటించినా, కొత్త కేసులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి కనుక మచ్చ చూడగానే స్పర్శ పరీక్షించే అలవాటు ఇక్కడి ఆరోగ్య సిబ్బందికి ఉంది, ఉండాలి కూడా. చిక్కు ఆ తరువాతి మెట్టులో ఉంది. వెంట్రుకలు రాలడం, చెమట పట్టకపోవడం రెండు వ్యాధులలోనూ కనిపించే లక్షణాలే. అయితే కుష్ఠు మచ్చమీద దూదిపోగుతో తాకినప్పుడు స్పర్శ తగ్గి ఉంటుంది, మోచేయి దగ్గరో మోకాలి పక్కనో నరం లావెక్కి చేతికి తగలవచ్చు. స్క్లీరోడెర్మాలో స్పర్శ చాలావరకు నిలిచే ఉండి, చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి మడత తీయబోతే మడత పడదు. బొల్లిలో రంగు మాత్రమే పోతుంది, చర్మం మెత్తగానే ఉంటుంది. తామర అంచు పొలుసులతో దురద పెడుతుంది. మందుల దుకాణంలో అడిగి కొన్న కలగలుపు పూతమందులు రాసినప్పుడు తామర అణగినట్టే ఉండి మళ్ళీ లేస్తుంది గాని, గట్టిపడిన మచ్చ అలాంటి పూతలకు లొంగదు.

కాలిమీద పొడవునా సాగిన మచ్చ పాత కాలిన గాయంగానో, కాలు సన్నబడితే పోలియోగానో, మోకాలు వంగి నిలిచిపోతే వాతంగానో చెలామణి అవుతుంది. వ్యాధి చురుకుగా ఉండి ఎముక ఎదుగుదలను అడ్డుకునే కాలం ఇలాంటి సందేహాల మధ్యనే గడిచిపోతుంది. పైన చెప్పిన అంతర్జాతీయ అధ్యయనంలోనే మచ్చ మొదలైన నాటి నుంచి వ్యాధి నిర్ధారణ వరకు సగటున సుమారు ఏడాదిన్నర పట్టింది. కాబట్టి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే వైద్య బృందం మచ్చను కంటితో చూసి వదలకుండా వేళ్ళతో మడత తీసి చూడడం, ఈ ప్రాంతంలో ఏ ఖరీదైన యంత్రం కంటే ఎక్కువ మేలు చేసే పరీక్ష.

రూపాలు

పాడువాలో నిపుణులు కుదుర్చుకున్న వర్గీకరణే నేడు ప్రమాణం. దాని ప్రకారం గుండ్రని లేదా కోలగా ఉండే పరిమిత మచ్చ పైపొరకే ఉండవచ్చు, లోతుకు దిగవచ్చు. చేయి, కాలు, మొండెం మీదనో తలమీదనో గీతగా సాగేది రేఖారూపం. మూడు సెంటీమీటర్లకు మించిన మచ్చలు నాలుగో అంతకంటే ఎక్కువో ఉండి, శరీరాన్ని ఏడు భాగాలుగా లెక్కించినప్పుడు కనీసం రెండింటికి వ్యాపించినది విస్తృత రూపం. అవయవాన్ని చుట్టుముట్టి ఎముక దాకా గట్టిపరచే సర్వస్తర రూపం అరుదైనదీ, తీవ్రమైనదీ. ఒకే పిల్లలో రెండు రకాలు కలిసి ఉండడం మిశ్రమ రూపం. పెద్దలలో పరిమిత మచ్చ ఎక్కువైతే, పిల్లలలో రేఖారూపానిదే పైచేయి: 750 మందిలో 65 శాతం మందిది అదే. ఈ గీతలు చాలాసార్లు నరాల దారినో రక్తనాళాల దారినో కాక, పిండదశలో చర్మకణాలు విస్తరించిన బ్లాష్కో రేఖల వెంట సాగుతాయి. పిండదశలోనే తేడా పడిన కణాల పరంపర మీద తరువాత రోగనిరోధక వ్యవస్థ గురిపెడుతుందన్న ఊహకు ఇదే ఆధారం.

రేఖారూపం నుదుటి మీదుగా మాడులోకి నిలువుగా పోయి, కత్తివేటు పడ్డట్టు గుంటగీత వేసి, దాని వెంట జుట్టును రాల్చినప్పుడు దానికి కత్తివేటు రకమనే పేరు. ముఖంలో ఒకవైపు చర్మం గట్టిపడకుండానే కొవ్వు, కండరం, ఎముక క్రమంగా క్షీణించే పారీ–రోంబర్గ్ వ్యాధి దీనికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే పిల్లలో కనబడుతుంటాయి కనుక చాలామంది నిపుణులు వాటిని ఒకే వ్యాధికి రెండు కొసలుగా భావిస్తారు.

చురుకుదనం, నష్టం

ఈ వ్యాధిని అంచనా వేయడంలోని కష్టమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఎదుట కనిపిస్తున్నది ఇంకా రగులుతున్న వాపా, ఆరిపోయాక మిగిలిన మచ్చా? రగులుతున్నదైతే మందు అవసరం. ఆరిపోయినదైతే ఎంత బలమైన మందైనా వ్యర్థం, పైగా హాని. చూడడానికి వికారంగా ఉన్న పాత గుంట నిద్రాణంగా ఉండవచ్చు, లేతరంగులో అంతగా గుర్తించలేని కొత్త చార లోలోపల ఎముకను తింటూ ఉండవచ్చు. అందుకే చురుకుదనాన్నీ నష్టాన్నీ విడివిడిగా కొలిచే లోస్కాట్ అనే కొలమానం వాడుకలోకి వచ్చింది. శరీరాన్ని 18 భాగాలుగా విభజించి, ప్రతి భాగంలోనూ చర్మం ఎర్రదనం, మందం, కొత్త మచ్చ పుట్టడం లేదా పాతది విస్తరించడం అనే మూడింటికి మార్కులు వేస్తే చురుకుదనం అంకె వస్తుంది. చర్మం పలచబడడం, అడుగు కొవ్వు హరించడం, రంగు మారడం అనే మూడింటికి వేసే మార్కులు నష్టం అంకెనిస్తాయి. ఒకే వైద్యుడు ప్రతిసారీ కొలిస్తే అంకెలు నమ్మదగినవిగా ఉంటాయి. చికిత్సకు మొదటి అంకె తగ్గుతుంది, రెండవది చాలావరకు అలాగే నిలుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే, మందు పనిచేస్తున్నా పనిచేయడం లేదని కుటుంబం మానేస్తుంది.

ఈ కొలమానాన్ని రూపొందించింది ఎక్కువగా తెల్లని చర్మాన్ని చూసే వైద్యులు. చురుకైన మచ్చ చుట్టూ ఊదారంగు వలయం ఉంటుందని గ్రంథాలు చెబుతాయి గాని, చామనచాయ లేదా నల్లని చర్మం మీద, అందులోనూ ఏడాది పొడవునా ఎండలో తిరిగే తీరప్రాంతపు పిల్లల మీద, ఆ వలయం ముదురు గోధుమరంగుగానో బూడిదరంగుగానో మాత్రమే తోస్తుంది. ఒక్కోసారి కనబడనే కనబడదు. అటువంటప్పుడు అరచేతి వెనుకవైపుతో తాకి వెచ్చదనాన్ని పోల్చడం, అంచు ఎంత గట్టిగా ఉందో చూడడం, మచ్చ హద్దును పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద గీసి తేదీ వేసి దాచడం, ఒకే వెలుతురులో ఒకే దూరం నుంచి ఫొటో తీయడం నమ్మకమైన పద్ధతులు. వేడిని చిత్రంగా చూపే థర్మోగ్రఫీ చురుకైన చోటును పట్టిస్తుంది గాని, చర్మమూ కొవ్వూ పలచబడిన పాత మచ్చల మీద లోపలి వేడి సులువుగా పైకి తేలి తప్పుడు సంకేతమిస్తుంది. రంగుల డాప్లర్‌తో కూడిన అల్ట్రాసౌండ్ మచ్చలోని రక్తప్రసరణనూ పొరల మందాన్నీ చూపుతుంది. ఆ యంత్రం చాలా ఆసుపత్రులలో ఉన్నదే, చర్మాన్ని దానితో చూసే అలవాటే తక్కువ.

చర్మం దాటి

ఐరోపా పిల్లల రుమటాలజీ నిపుణుల షేర్ బృందం 2019లో ప్రకటించిన సిఫారసులు, వ్యాధి ఎక్కడ ఉన్నా ప్రతి పిల్లకూ దవడ కీలుతో సహా అన్ని కీళ్ళనూ పరీక్షించాలంటాయి. మచ్చ కీలు మీదుగా పోతే ఆ కీలు బిగిసి వంకరపోతుంది. మచ్చకు దూరంగా ఉన్న కీళ్ళకు కూడా వాపు రావచ్చు. రెండు కాళ్ళ పొడవు, తొడ, పిక్కల చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టడం ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చేయగలిగిన పని. అది ప్రతి సందర్శనలోనూ జరగాలి, ఎందుకంటే ఎదిగే వయసులో ఆరు నెలల తేడా సెంటీమీటర్లలో కనిపిస్తుంది.

ముఖం, తల మీద వ్యాధి ఉన్నవారి విషయం వేరు. వీరిలో కొందరికి మూర్ఛలు, తలనొప్పి, ప్రవర్తనలో మార్పులు వస్తాయి. లక్షణాలేమీ లేకున్నా మెదడులో మార్పులు ఉండవచ్చు గనుక నిర్ధారణ సమయంలోనే తలకు ఎమ్మారై తీయించాలని షేర్ సూచన. కంటిలోపలి పొరల వాపు, అంటే యువైటిస్, ఎరుపూ నొప్పీ లేకుండానే చూపును దెబ్బతీయగలదు. 750 మందిలో కంటి సమస్యలున్నది 3.2 శాతం మందికే అయినా, వారిలో మూడింట రెండు వంతుల మందిది కత్తివేటు రకమే. కాబట్టి ఆ పిల్లలకు స్లిట్‌ల్యాంప్‌తో కంటిపరీక్ష ఒకసారితో ముగిసేది కాదు. పళ్ళ వరుస, దవడ ఎదుగుదల చూసేందుకు దంతవైద్యుడు కూడా అవసరం. భావనపాడు కుటుంబానికి మచ్చను అనుమానించి పంపే మెట్టు టెక్కలిలో, చర్మ, పిల్లల విభాగాల మెట్టు శ్రీకాకుళం రిమ్స్‌లో దొరికినా, ఇన్ని విభాగాలు కలిసి చూడవలసినప్పుడు 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఉన్న విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి, కంటికి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ విశాఖ ప్రాంగణం, మరింత క్లిష్టమైనప్పుడు హైదరాబాదు నిమ్స్‌లోని రుమటాలజీ విభాగం ఆధారాలు.

రక్తపరీక్షలు ఈ వ్యాధిని నిర్ధారించవు. యాంటీన్యూక్లియర్ యాంటీబాడీ సుమారు 40 శాతం మందిలో కనిపిస్తుంది, దాని ఉనికితో గాని లేమితో గాని తేలేది ఏమీ లేదు, ఒంట్లోని వాపును సూచించే ఇ.ఎస్.ఆర్. మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి నిద్రించినట్టూ కాదు. సందేహం తీరకపోతే అడుగు కొవ్వు కూడా వచ్చేలా లోతుగా ముక్క తీసి పరీక్షించాలి. పైపైన గీరి తీసిన ముక్క తప్పుదారి పట్టిస్తుంది.

చికిత్స

పైపొరకే పరిమితమై, కీలుకూ ముఖానికీ దూరంగా ఉన్న చిన్న మచ్చకు పూతమందు చాలు: టాక్రోలిమస్, కాల్సిపోట్రియాల్, స్టిరాయిడ్ లేపనాలు, గట్టిదనం తగ్గించేందుకు ఇమిక్విమాడ్. యు.వి.ఎ.-1 కిరణ చికిత్స ఇటువంటి మచ్చలకు మేలు చేస్తుంది గాని మనదేశంలో ఆ యంత్రాలు అరుదు. బొల్లికి వాడే నారోబ్యాండ్ యు.వి.బి. కిరణాలు లోతుకు దిగవు. ఎండలో కూర్చోబెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

రేఖా, లోతు, విస్తృత, సర్వస్తర రూపాలు చురుకుగా ఉంటే పూతమందులతో కాలక్షేపం చేయకూడదు. వీటికి ప్రధాన ఔషధం మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచే ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. రక్త కేన్సరు పిల్లల కోసం మొదలైన ఆ మందు చాలా తక్కువ మోతాదులో రోగనిరోధక వ్యవస్థను శాంతింపజేస్తుందని తరువాత తెలిసింది. దాని దుష్ఫలితాలను తగ్గించడానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం కూడా ఆ పరిశోధనశాల కృషే కావడం తెలుగువారికి తెలియవలసిన సంగతి.

ఈ మందుకు ఆధారం గట్టిది. ఇటలీలో 70 మంది పిల్లలపై జరిగి 2011లో వెలువడిన యాదృచ్ఛిక ప్రయోగంలో, అందరికీ మొదటి మూడు నెలలు ప్రెడ్నిసోన్ ఇచ్చి, 46 మందికి మెథోట్రెక్సేట్, 24 మందికి ఉత్తుత్తి మాత్ర ఏడాది పాటు ఇచ్చారు. వ్యాధి తిరగబెట్టింది మొదటి వర్గంలో 32.6 శాతం మందికి, రెండవ వర్గంలో 70.8 శాతం మందికి. షేర్ సిఫారసు ప్రకారం మోతాదు శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు వారానికి 15 మిల్లీగ్రాములు, నోటిద్వారా లేదా చర్మం కింద సూదిగా. 20 కిలోల పిల్లకు ఉపరితలం సుమారు 0.8 చదరపు మీటర్లు కనుక వారానికి 12 మిల్లీగ్రాములవుతుంది. మందు పట్టు చిక్కడానికి రెండు మూడు నెలలు పడుతుంది గనుక ఆలోగా స్టిరాయిడ్ అవసరం: నోటిద్వారా ప్రెడ్నిసొలోన్ ఇచ్చి క్రమంగా తగ్గించవచ్చు, లేదా నెలకు మూడు రోజుల చొప్పున మిథైల్ ప్రెడ్నిసొలోన్ నరంలోకి ఎక్కించవచ్చు. మెరుగు కనబడ్డాక కూడా కనీసం 12 నెలలు మెథోట్రెక్సేట్ కొనసాగాలి. ముందే ఆపితే తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

ఇది వారానికి ఒకేసారి వేసే మందు. రోజూ వేసే మాత్రగా పొరబడితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణానికే ముప్పు. వారంలో ఏ రోజు వేయాలో చీటీ మీద తెలుగులో, ఆ రోజు పేరుతో సహా రాయించుకోవాలి. భావనపాడు తీరపు మత్స్యకారులలో చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వేటకు పోతారు. ఇంటివద్ద తల్లో, నాయనమ్మో మందు వేయవలసి ఉంటుంది కనుక ఆ వివరం వారికే విడమరచి చెప్పాలి. రక్తకణాల సంఖ్య, కాలేయ ఎంజైములు, క్రియాటినిన్ మొదట నెలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి చూడాలి. మెథోట్రెక్సేట్ శరీరం నుంచి వెళ్ళేది మూత్రపిండాల ద్వారా. పొరుగునే ఉన్న ఉద్దానం కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి పేరుమోసిన ప్రాంతం; అక్కడ జబ్బు పడేది ఎక్కువగా పెద్దవారే అయినా, ఈ తీరంలో ఏ పిల్లకైనా మొదటి మాత్రకు ముందే క్రియాటినిన్ చూడడాన్ని లాంఛనంగా తీసుకోరాదు. జ్వరం, నోటిపూత, వాంతులు, విరేచనాలు వస్తే ఆ వారం మోతాదు ఆపి వైద్యుణ్ణి అడగాలి. ట్రైమెథోప్రిమ్ కలిసిన కోట్రైమాక్సజోల్ దీనితో కలపకూడదు. తట్టు–రుబెల్లా వంటి సజీవ టీకాలు మిగిలి ఉంటే చికిత్స ప్రారంభానికి ముందే పూర్తిచేయాలి. ఈడేరిన ఆడపిల్లలకు ఈ మందు గర్భస్థ శిశువుకు హానికరమన్న సంగతి తల్లి సమక్షంలో చెప్పాలి.

మెథోట్రెక్సేట్ పడనివారికీ, దానికి లొంగనివారికీ మైకోఫెనోలేట్ మొఫెటిల్ తరువాతి మెట్టు. టోసిలిజుమాబ్, అబటాసెప్ట్ వంటి జీవ ఔషధాలతో మేలు జరిగిన నివేదికలు ఉన్నాయి గాని వాటికి మెథోట్రెక్సేట్‌కు ఉన్నంత ప్రయోగ బలం లేదు.

మందుతో పాటు ఫిజియోథెరపీ మొదటి రోజు నుంచే మొదలుకావాలి. బిగిసే కీలును రోజూ సాగదీయడం ఇంట్లోవారు నేర్చుకోగలిగినదే. కాళ్ళ పొడవులో తేడా తక్కువైతే చెప్పు అడుగు మందం పెంచి సరిదిద్దవచ్చు, ఎక్కువైతే ఎముకల శస్త్రచికిత్స అవసరమవుతుంది. ముఖం మీది గుంటను సొంత కొవ్వుతో నింపే శస్త్రచికిత్స వ్యాధి పూర్తిగా నిద్రించాకే చేయాలి. రగులుతున్న చోట పెట్టిన కొవ్వు నిలవదు. మచ్చ ముఖం మీద ఉన్న పిల్లలు బడిలో పడే అవమానం కూడా వైద్యుడు అడిగి తెలుసుకోవలసిన విషయమే. ఇది అంటదని ఉపాధ్యాయుడికి ఒక చీటీ రాసి ఇవ్వడం చిన్న పని, ఫలితం పెద్దది.

చురుకైన దశ సగటున మూడు నుంచి అయిదేళ్ళు ఉంటుంది. మందు ఆపాక దాదాపు పావు వంతు పిల్లలలో వ్యాధి తిరగబెడుతుంది, కొందరిలో ఏళ్ళ విరామం తరువాత. అందుచేత చికిత్స ముగిసినా, పిల్ల ఎదుగుదల పూర్తయ్యే వరకు ఏడాదికి ఒకటి రెండుసార్లు అదే టేపుతో, అదే ప్లాస్టిక్ కాగితంతో కొలత కొనసాగాలి. పాత ఫొటోలూ చీటీలూ ఒక సంచిలో భద్రపరచి ప్రతిసారీ ఆసుపత్రికి తీసుకువెళ్ళడం తల్లిదండ్రులు చేయవలసిన పని.